వారంటీ దాటిన బైకు ట్యాంకు కారుతుంటే: వెల్డింగ్ షాపుకు వెళ్లే ముందు

గుణుపూర్ నుంచి మీరు అడిగినది ఇది: బైకు కొని ఆరేళ్లయింది, ఐదేళ్ల వారంటీ నిరుడే ముగిసింది. వారం రోజులుగా ట్యాంకు అడుగున పెట్రోలు చెమరిస్తోంది. షోరూంవారు కొత్త ట్యాంకు వేసుకోమంటున్నారు. వీధి చివర వెల్డింగ్ షాపతను రెండు వందలిస్తే పది నిమిషాల్లో చేసేస్తానంటున్నాడు. ఏది మంచిది?

ఆ పది నిమిషాల మాట చదివి నాకు భయం వేసింది. అందుకే మిగతా సంగతుల కన్నా ముందు ఇది చెబుతున్నాను. బండిని ఈ రోజే ఆ షాపుకు తీసుకెళ్లకండి. పెట్రోలు తీసేసిన ట్యాంకులో ప్రమాదం ఉండదని చాలామంది అనుకుంటారు. నిజానికి నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం. గాలిలో పెట్రోలు ఆవిరి ఒకటిన్నర శాతం ఉన్నా నిప్పు తగిలితే పేలుతుంది. ఖాళీ చేసిన ట్యాంకు గోడలకు అంటుకున్న తడి, అతుకు సందుల్లో మిగిలిన నాలుగు చుక్కలు ఆ మాత్రం ఆవిరికి సరిపోతాయి. కడగని ట్యాంకుకు మంట చూపించడానికి ఎవరు ఒప్పుకున్నా మీరు ఒప్పుకోకండి.

నాది పర్లాకిమిడి. మందుల దుకాణాలకు సరకు అందించే పని. ఇటు పాతపట్నం, టెక్కలి, అటు కాశీనగర్, మీ గుణుపూర్ దాకా రోజూ బండి మీదే తిరుగుతాను. 2017లో కొన్న 150 సీసీ బండికి 2022 ఆగస్టులో వారంటీ ముగిసింది. ఆ ఏడాది కార్తీకంలో ఒక సాయంత్రం మా ఆవిడ తులసికోట దగ్గర దీపం పెట్టడానికి వెళ్లి, అగ్గిపుల్ల గీయకుండా ఆగిపోయి నన్ను కేకేసింది. పెట్రోలు వాసన వస్తోందంది. బండి కోటకు మూడడుగుల దూరంలో ఉంది. ట్యాంకు అడుగు అంచున ఒక చుక్క వేలాడుతోంది, ఇంజను మీద గోధుమరంగు చార కట్టింది. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువైనది, పైకి తేలిపోదు, నేలబారున పాకుతూ పల్లంలో పోగవుతుంది. ఆమె ఆ వాసన పట్టించుకోకపోయి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకోలేను. మీరూ బండిని వసారాలో, వంటింటి గోడ పక్కన, దీపం పెట్టే చోట ఉంచకండి. పెట్రోలు తీయించేదాకా ఆరుబయటే ఉంచండి.

ఇక కారేది ఎక్కడో తేల్చడం. ఇది ఇంట్లోనే చేసుకోవచ్చు. పొడి గుడ్డతో ట్యాంకు అడుగు, పైపులు, కాక్ (పెట్రోలును తెరిచి మూసే చిన్న కుళాయి) అన్నీ శుభ్రంగా తుడిచి, సుద్దపొడి గానీ ముఖానికి రాసుకునే పౌడరు గానీ పలచగా చల్లి గంటసేపు కదపకుండా వదిలేయండి. కారే చోట పొడి తడిసి రంగు మారుతుంది. దాన్ని ఫొటో తీసి ఉంచుకోండి, తరువాత పనికొస్తుంది.

పది బళ్లు ట్యాంకు కారుతోందని వస్తే సగానికి పైగా ట్యాంకు తప్పు కాదని మా మెకానిక్ అంటాడు. కాక్ దగ్గరి రబ్బరు వాషర్ గట్టిపడి ఉంటుంది, లేదా పైపు క్లిప్పు దగ్గర పగిలి ఉంటుంది. ఇంధనం ముల్లు చూపించే పరికరం ట్యాంకులోకి దిగే చోట వేసిన గ్యాస్కెట్ కూడా పాడవుతుంది. కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపే భాగం) ఉన్న బండిలో దాని లోపలి సూది సరిగా మూసుకోకపోతే కింది సన్నని పైపులోంచి పెట్రోలు కారుతుంది, చూసేవారికి అది ట్యాంకు కారినట్టే ఉంటుంది. ఇవన్నీ వంద, రెండు వందల్లో అయిపోయే పనులు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధనల ప్రకారం వచ్చిన ఇంజెక్షన్ బళ్లలో, అంటే కార్బురేటర్‌కు బదులు పంపు ఒత్తిడితో పెట్రోలు చిమ్మే బళ్లలో, పంపు ట్యాంకు లోపలే ఉంటుంది, దాని చుట్టూ ఉండే రబ్బరు రింగును కూడా చూడాలి. ఆ బళ్లలో పైపులోని పెట్రోలు దాదాపు 3 బార్ల ఒత్తిడితో ఉంటుంది కాబట్టి ఇంట్లో విప్పవద్దు. ఇథనాల్ కలిపిన పెట్రోలుకు పాత రకం రబ్బరు త్వరగా ఉబ్బి పాడవుతుంది. మీ బండి ఆరేళ్లది కాబట్టి రబ్బరు భాగాలను ముందుగా అనుమానించండి.

ఇంకొక మాట. మన సరిహద్దులో ఒడిశా బంకుల్లో పెట్రోలు ఆంధ్రా కన్నా కొంత తక్కువ ధరకు దొరుకుతుంది కదా, ఆంధ్రా నుంచి వచ్చినవాళ్లు మూత అంచు దాకా నింపించుకుని పోతుంటారు. పన్నెండు లీటర్ల పెట్రోలు ఇరవై డిగ్రీలు వేడెక్కితే దాదాపు పావు లీటరు పెరుగుతుంది. ఎండలో నిలిపిన బండిలో ఆ పెరిగినది మూత గొట్టాల గుండా బయటికి వస్తుంది. నిండుగా ఉన్నప్పుడు, ఎండలో ఉన్నప్పుడు మాత్రమే కారుతుంటే ముందు అలా నింపించడం మానేసి చూడండి.

నా బండిలో అవేవీ కావు. కింది అతుకు వెంట తుప్పు తినేసి చిల్లు పడింది. తుప్పు ఎందుకు వచ్చిందో తెలిశాక నిజంగా బాధ కలిగింది. చాలా బళ్లలో మూత చుట్టూ వాన నీరు నిలవకుండా చిన్న రంధ్రం ఉంటుంది. అక్కడి నుంచి ఒక సన్న గొట్టం ట్యాంకు లోపలి నుంచే దిగి బండి కిందికి నీటిని వదులుతుంది. నా బండిలో ఆ గొట్టం చివరను కందిరీగ మట్టితో మూసేసింది. నాలుగు వానాకాలాలు మహేంద్రతనయ ఒడ్డు రోడ్ల మీద తడిసిన బండి అది. నిలిచిన నీరు మూత రబ్బరు దాటి లోపలికి దిగింది. నీరు పెట్రోలు కన్నా బరువు కాబట్టి అట్టడుగున, సరిగ్గా అతుకు దగ్గర చేరి లోపలి నుంచి ఇనుమును తినేసింది. ఒక తీగముక్కతో నెలకోసారి పొడిచి ఉంటే ఈ కథే ఉండేది కాదు. మీ బండి మూత తెరిచి ఆ రంధ్రంలో గ్లాసుడు నీళ్లు మెల్లగా పోయండి, కింది నుంచి వెంటనే రావాలి. నీళ్లకు బదులు ఆ గొట్టంలోంచే పెట్రోలు చుక్కలు వస్తుంటే లోపలి గొట్టమే తుప్పుపట్టి చిల్లుపడిందన్నమాట, దానికి బయటి నుంచి మాటు వేయడం కుదరదు.

మెకానిక్ దగ్గరికి వెళ్లేదాకా ఆపడానికి బట్టల సబ్బు ముక్కను చిల్లు మీద గట్టిగా రుద్ది అదిమితే చాలు, సబ్బు పెట్రోలులో కరగదు. ఒకటి రెండు రోజులు ఆగుతుంది. రెండు ముద్దలు కలిపి పెట్టే ఎపాక్సీ అయితే ట్యాంకు ఖాళీ చేసి, రంగు గీకి, బాగా ఆరిన ఇనుము మీద పెట్టినప్పుడే పట్టుకుంటుంది. కారుతున్న తడి మీద పెట్టి డబ్బు పోగొట్టుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని.

అసలు పని పాతపట్నంలో ఒక పెద్దాయన చేశాడు. నలభై ఏళ్లుగా గ్యాస్ వెల్డింగ్ చేస్తున్నవాడు. ట్యాంకు చూడగానే చేయి వేయలేదు. కాక్, ముల్లు పరికరం విప్పించి, సబ్బు పొడి కలిపిన వేడినీళ్లతో నాలుగుసార్లు కడిగి, రెండు రోజులు నిండా నీళ్లు పోసి ఉంచి తీసుకురమ్మన్నాడు. ఆ కడిగిన నీటిని కాలువలో పోయవద్దని కూడా ఆయనే చెప్పాడు. పని రోజున ట్యాంకును తిరగేసి, మూతి వైపు సైకిలు ట్యూబు రబ్బరుతో బిగించి కట్టి, చిల్లుకు వేలెడు కిందిదాకా నీళ్లు నింపాడు. అంటే లోపల ఆవిరికి చోటే లేకుండా చేశాడు. కాక్ రంధ్రం తెరిచే ఉంచాడు, వేడి గాలి బయటికి పోవడానికి. తరువాత ఇత్తడి కడ్డీతో మాటు వేశాడు. చిల్లు ఒకటే అనుకున్నాను, ఆయన స్క్రూడ్రైవరు మొనతో అతుకంతా తట్టి చూస్తే ఇంకో రెండు చోట్ల రేకు కాగితంలా ఉంది. మీరూ అలా తట్టించండి. మాటుకు, రంగుకు కలిపి నాకు 1,700 రూపాయలు అయింది. షోరూంలో కొత్త ట్యాంకుకు చెప్పిన ధర 6,800.

కానీ అక్కడితో ఆగి తప్పు చేశాను. లోపలి తుప్పును అలాగే వదిలేశాను. తరువాతి ఆషాఢానికి మాటు పక్కనే మళ్లీ చెమ్మ కనిపించింది. రెండోసారి పూర్తిగా చేశాం. ట్యాంకులో గుప్పెడు నట్లు వేసి బాగా కుదిపి తుప్పు పెళ్లలు రాల్చాం. నిమ్మ ఉప్పు కలిపిన వేడినీళ్లు ఒక రాత్రంతా ఉంచి, పొద్దున వంటసోడా నీళ్లతో కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టాం. అదే రోజు లోపలంతా ట్యాంకు పూత పోసి అటూ ఇటూ తిప్పాం. అదే రోజు అని నొక్కి చెబుతున్నాను, ఎందుకంటే కడిగిన పచ్చి ఇనుము మీద కొన్ని గంటల్లోనే కొత్త తుప్పు మొదలవుతుంది. ఇప్పటిదాకా చుక్క కారలేదు. అతుకు పొడవునా తుప్పు ఉంటే మాత్రం మాట్ల మీద డబ్బు పెట్టకండి, కొత్త ట్యాంకే వేయించండి. పాత సామాన్ల దుకాణంలో ట్యాంకు కొంటే టార్చి వేసి లోపల చూడకుండా తీసుకోకండి.

వారంటీ సంగతి చివర చెబుతున్నా చిన్నది కాదు. గడువు ముగియడానికి రెండు నెలల ముందు సర్వీసుకు ఇచ్చినప్పుడు పెట్రోలు వాసన వస్తోందని నోటితో చెప్పాను. కౌంటరులో అతను తల ఊపాడు గానీ జాబ్ కార్డులో, అంటే బండి ఇబ్బందులు రాసుకునే సర్వీసు కాగితంలో, రాయలేదు, నేనూ రాయించలేదు. తరువాత కంపెనీకి రాస్తే ఆధారం లేదని తిరస్కరించారు. మా బావమరిది అదే ఇబ్బందిని గడువులోపలే జాబ్ కార్డు మీద రాయించాడు. అతనికి గడువు దాటాక కూడా మూడు వారాల్లో ఉచితంగా కొత్త ట్యాంకు వచ్చింది. కాబట్టి మీ పాత సర్వీసు కాగితాలన్నీ తీసి చూడండి, వాసన, చెమ్మ, తుప్పు అన్న మాట ఎక్కడ ఉన్నా అది విలువైనది. ఏమీ లేకపోయినా, చిల్లు ఫొటోలు, కిలోమీటర్లు, సర్వీసు చరిత్ర జతచేసి నేరుగా కంపెనీకి రాతపూర్వకంగా అడగండి. బాధ్యత లేకపోయినా మంచితనం కింద ఖర్చులో కొంత భరించే పద్ధతి కంపెనీల్లో ఉంది. చాసిస్ నంబరు చెప్పి మీ మోడల్ మీద రీకాల్ (లోపం ఉన్న బళ్లను కంపెనీయే వెనక్కి పిలిచి ఉచితంగా బాగుచేయడం) ఏమైనా ఉందేమో కూడా అడగండి. మాటు వేయించే ముందే ఇవన్నీ చేయండి, ఒకసారి వెల్డింగ్ పడిన ట్యాంకును చూపించి ఎవరినీ అడగలేరు.

సమాధానం రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు. బండి ఆంధ్రా వైపు షోరూంలో కొన్నా భయపడనక్కరలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, సమస్య తలెత్తిన రెండేళ్లలోపు చేయాలి. 5 లక్షల రూపాయల లోపు విలువకు రుసుము లేదు. అయితే తుప్పు తయారీ లోపం వల్ల వచ్చిందా, నా బండిలోలా నీరు చేరి వచ్చిందా అనేది మీరు నిజాయితీగా చూసుకోవాలి. నీటి గొట్టం మూసుకుపోయిన బండితో కమిషన్‌కు వెళ్లమని నేను చెప్పను.

పొడి చల్లి చూశాక తడి ఎక్కడ కనిపించిందో, బండి కార్బురేటర్‌దా ఇంజెక్షన్‌దా రాయండి. అతుకు దగ్గరే అయితే పాతపట్నం పెద్దాయన షాపుకు దారి చెబుతాను, ఆదివారం నేనూ వస్తాను.