ప్రయోగాత్మక నాటకం వేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

"ఉద్యోగాల్లో, ఫోన్లలో పడి మనిషి తానెవరో మర్చిపోవడం మీద నాటకం వేద్దామనుకుంటున్నాం. ఐదుగురు నటులు, వంద కుర్చీల హాలు, తక్కువ డబ్బు. ఎక్కడ మొదలుపెట్టాలి?" అని కదా మీ ప్రశ్న.

ముందు ముసుగులు, పొగ మిషను, పగిలిన అద్దాలు పక్కన పెట్టేయండి. స్క్రిప్టులో 'అస్తిత్వం' అన్న మాట ఎక్కడున్నా కొట్టేయండి. అది చూసినవాడికి తట్టాలి గానీ పాత్ర చెప్పకూడదు.

బెంగాలీ నాటక రచయిత బాదల్ సర్కార్ 1963లో రాసిన 'ఏవం ఇంద్రజిత్' మొదలు చూడండి. రచయిత పాత్ర ప్రేక్షకులతో మాట్లాడుతుండగా నలుగురు ఆలస్యంగా హాల్లోకొస్తారు. ఆయన వాళ్లను స్టేజీ మీదికి పిలిచి పేర్లడుగుతాడు. అమల్, విమల్, కమల్. నాలుగోవాడు నిర్మల్ అంటాడు. రచయిత నమ్మడు, నిలదీస్తాడు. అసలు పేరు ఇంద్రజిత్. మరి అబద్ధం ఎందుకు? భయం. అందరిలా లేకపోతే ఏమవుతుందోనని. మీరు రెండు గంటలు చెప్పాలనుకున్నదంతా ఆ ఒక్క పేరులో ఉంది.

ఈ ఘట్టం సరిగ్గా పండాలంటే ఆ నలుగురూ నిజంగానే ఆలస్యంగా వచ్చినట్టుండాలి. మేకప్ వద్దు, మొహం మెరిసిందంటే దొరికిపోతారు. జనం వచ్చిన తలుపులోంచే రావాలి. వాళ్లకు అంచు కుర్చీలు నాలుగు ఉంచండి, 'రిజర్వ్‌డ్' చీటీలు అంటించకుండా మీవాళ్ల సంచులు పెట్టించండి. ఆ ఐదు నిమిషాలూ తలుపు దగ్గర ఒక మనిషి నిలబడి అసలు ఆలస్యగాళ్లను ఆపాలి, లేకపోతే జనం వేరేవాళ్లను చూస్తారు. హాలు లైట్లు పూర్తిగా ఆర్పకండి. చీకటైతే వాళ్ల రాక ఎవరికీ కనబడదు.

ఇక్కడ నటులు చేసే తప్పు ఒకటుంది. 'నిర్మల్' అనేటప్పుడు తడబడతారు, కళ్లు దించుకుంటారు. అబద్ధమని అప్పుడే తెలిసిపోతుంది. ముందు ముగ్గురూ ఏ గొంతుతో, ఏ వేగంతో చెప్పారో అచ్చం అలాగే చెప్పాలి. చప్పట్ల లెక్కతో నాలుగు పేర్లూ పదేపదే ప్రాక్టీసు చేయించండి. 'భయం' అన్నది మాత్రం లెక్క తప్పి, ఆలస్యంగా రావాలి.

ఆ మాట మెల్లగా పలకాలంటే మైకు అడ్డం. మన పరిషత్తు నాటికల్లో నటులు మైకు చుట్టూ గుమిగూడి డైలాగు చెప్పడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఎవరి కాళ్లు ఎటు నడవాలో మైకే నిర్ణయిస్తుంది. వంద కుర్చీల హాలుకు మైకు అక్కర్లేదు. ఫ్యాన్లు ఆపించండి, గొంతు సాధన చేయించండి. ప్రతి దుఃఖం కిందా వయొలిన్ వేయడం కూడా మానేయండి.

లైట్లకు లెక్క వేసుకోండి. వెయ్యి వాట్ల పాత పార్ లైట్లు (డబ్బా ఆకారపు స్టేజీ లైట్లు) ఆరు పెడితే 26 ఆంపియర్లు లాగుతాయి. 16 ఆంపియర్ల సాకెట్టు ఒక్కటే ఉంటే సీను మధ్యలో ఎంసీబీ (కరెంటు ఎక్కువ లాగితే దానంతటదే ఆపేసే స్విచ్చి) పడిపోతుంది. ఎల్‌ఈడీలు కరెంటు తక్కువ తీసుకుంటాయి గానీ, చవకవి నెమ్మదిగా ఆర్పుతుంటే చివర్లో టక్కున ఆరిపోతాయి. మెల్లగా చీకటి పడాల్సిన చోటికి పాతవి రెండు ఉంచుకోండి.

ఫోను వాడాలంటే తెర వెలుగుతో మొహం చూపించవచ్చు, అయితే మిగతా వెలుగు దాదాపు పూర్తిగా తగ్గించాలి. తెల్లటి పేజీ, పూర్తి బ్రైట్‌నెస్, ఆటో లాక్ ఆఫ్, ఫ్లయిట్ మోడ్. మెసేజ్ చప్పుడు మాత్రం స్టేజీ మీద వద్దు. ప్రేక్షకుల వెనక స్పీకర్లోంచి వేయండి. సగం మంది తమ జేబులే తడుముకుంటారు. ఆ క్షణంలో నటుడు కదలకుండా వాళ్లనే చూస్తుండాలి.

సర్కార్ నాటకాన్నే వేసే ఆలోచన ఉంటే అనుమతి తీసుకోండి. ఆయన 2011లో పోయారు, మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్లు హక్కులుంటాయి. అనువాదకుడి అనుమతి వేరుగా కావాలి. ఈ పని రిహార్సళ్లకు ముందే చేయండి, కరపత్రాలు వేశాక కాదు.