ఈస్టర్ గుడ్లకు రంగు పట్టకపోతే

రంగు పిల్లల చేతులకు అంటుకుని, గుడ్డు మీద మచ్చలుగా మిగులుతోందంటే నీళ్లలో వెనిగర్ పడలేదు అక్కా. కలర్ మార్చినా ఇదే వస్తుంది.

1. ఉడికిన గుడ్లు చల్లారాక జిడ్డు లేకుండా కడిగి, పొడిబట్టతో తుడవండి. నాటుకోడి గుడ్లు వద్దు, తెల్లటి ఫారం గుడ్లే తీసుకోండి.

2. అరకప్పు వేడినీళ్లు, ఫుడ్ కలర్, 1 టీస్పూను తెల్ల వెనిగర్. అందరూ వదిలేసేది ఈ వెనిగరే! ఆ పులుపు తగిలితేనే పెంకు రంగును పట్టుకుంటుంది. గుడ్డు వేయగానే పెంకు మీద సన్నటి బుడగలు లేవాలి. లేవకపోతే ఇంకాస్త పోయండి.

3. 5 నిమిషాలాగి గరిటెతో తీసి, తుడవకుండా ఆరబెట్టండి.

వేడినీళ్లు మీరే పోయండి, ముంచే పని పిల్లలకివ్వండి. ఒంగోలు ఎండలు తెలుసుగా, తినాలనుకున్న గుడ్లు గంటకు మించి బయట ఉంచకుండా ఫ్రిజ్‌లో పెట్టేయండి.