కరవక ముందు ఏం జరిగిందో అడుగు

చిట్టీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఎం.ఎడ్. ప్రాజెక్టు కోసం విజయనగరం బడులకి వెళ్లి, ఆటిజం ఉన్న పిల్లలకి బడి ఎలా ఉంటుందో తెలుసుకుని రాస్తావటగా. గొప్పగానే అనిపించింది. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

ముందు చిన్న సంగతులు. హెడ్మాస్టరు అనుమతి, తల్లిదండ్రుల సంతకం తీసుకో. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రం టీచరుతో ముందే మాట్లాడు. ఎవరు మాటలతో చెబుతారో, ఎవరు బొమ్మ చూపించి చెబుతారో ఆవిడకి తెలుస్తుంది. పైడితల్లమ్మ పండగ తొలేళ్లు, సిరిమాను వారంలో వెళ్లకు. ఊరంతా మైకులు, బడి వేళలు తారుమారు. గొడుగు మర్చిపోకు.

ఇక అసలు సంగతి. ఇది మీ అమ్మకీ సగమే తెలుసు.

1997లో నాగావళి ఒడ్డున ఒక ఊళ్లో రెండో తరగతికి చెప్పేదాన్ని. బడి గంటంటే రైలు పట్టా ముక్క, వరండా దూలానికి వేలాడేది. నా క్లాసులో ఒక పిల్లాడు. "పేరేంటి?" అంటే "పేరేంటి?" అనేవాడు. వెక్కిరిస్తున్నాడనుకున్నాను. గంట కొట్టే వేళ దగ్గరపడితే చాలు, చెవులు మూసుకుని ఊగేవాడు. గడియారం చూడటం రానివాడికి ఆ వేళ ఎలా తెలిసేదో! పాఠం ఎగ్గొట్టే ఎత్తనుకుని, కళ్ల ముందుంటాడని తలుపు పక్కన కూర్చోబెట్టాను. అంటే సరిగ్గా గంట పక్కనే.

ఒకరోజు ఇన్‌స్పెక్షన్. అందరం టెన్షన్‌లో ఉన్నాం. వాడి రెండు చేతులూ చెవుల మీంచి లాగి గట్టిగా పట్టుకున్నాను. గంట మోగింది. వాడు నా మణికట్టు కొరికేశాడు.

రక్తం చూసి అందరూ పరిగెత్తుకొచ్చారు. "కరిచాడు" అన్నాను. అంతే అన్నాను. చేతులు పట్టుకున్న సంగతి చెప్పలేదు. మర్నాడు వాళ్ల నాన్న వచ్చి వాడినీ, పలకనీ తీసుకెళ్లిపోయాడు. వెళ్తూ నాకు దండం పెట్టాడు. వాడు మళ్లీ బడికి రాలేదు.

ఆటిజం అన్న మాట మాకు తెలీదులే. 1995 చట్టంలో చెప్పిన ఏడు రకాల వైకల్యాల్లో అది లేదు. 2016 చట్టంలో 21 రకాల్లో ఒకటిగా చేర్చారు. అయినా, చెవులు మూసుకున్నవాడికి చప్పుడు పడటం లేదని తెలియడానికి చట్టమెందుకే?

అందుకని "కొట్టాడు", "పారిపోయాడు" అని టీచర్లు చెప్పింది రాసుకుని ఊరుకున్నావో, నా చేత చీవాట్లు తింటావు. అంతకు ముందు పది నిమిషాల్లో ఏం జరిగిందో అడుగు. మధ్యాహ్న భోజనం దగ్గర కాసేపు నిలబడి చూడు, ఆ కంచాల చప్పుడు, సాంబారు వాసన, తోపులాట. గొడవ చేయని ఆడపిల్లల్ని బుద్ధిమంతులని వదిలేస్తారు, నువ్వు వదలకు. కొందరు బడిలో రోజంతా బిగబట్టుకుని ఇంటికెళ్లి ఏడుస్తారు, ఆ సంగతి వాళ్ల తల్లులని అడగాలి. నీ కళ్లలోకి చూడని పిల్లాణ్ని చూడమనకు, చూడకుండానే వింటాడు. మధ్యలో లేచి వెళ్లిపోతే మాత్రం, ఎన్ని సంతకాలున్నా సరే, ఆ రోజుకి వదిలెయ్యి తల్లీ.

పేర్లు, ఊళ్లు రాయకు. మన వైపు వీధి పేరు చెబితే చాలు, ఇల్లు చూపించేస్తారు.

ఆదివారం వస్తే నువ్వు రాసుకున్న ప్రశ్నలు పట్రా, కూర్చుని చూద్దాం. చిన్నప్పుడు నా మణికట్టు మీద మచ్చేంటని అడిగేదానివి, గుర్తుందా? కుక్క కరిచిందని చెప్పాను నీకు.

మీ దొడ్డమ్మ