చేసే పనికి ముడిపెట్టిన అలవాట్లే మా ఇంట్లో నిలిచాయి

శరీరానికీ మనసుకూ మేలు చేసే, ఖర్చు లేని తేలికపాటి అలవాట్లు ఏమిటని అడిగారు. నేను వైద్యుణ్ణి కాను. బ్యాంకులో కుర్చీకి అతుక్కుని చేసే ఉద్యోగంలో చాలా ఏళ్లు గడిపి, మధుమేహం దరిదాపుల్లో ఉన్నానని తెలిసిన తర్వాత మా ఇంట్లో నిలిచిన మార్పుల గురించి మాత్రమే రాస్తున్నాను. నేను గమనించినంతలో, ఎలాగూ రోజూ చేసే పనికి ముడిపెట్టిన అలవాటే నిలుస్తుంది. విడిగా పెట్టుకున్నది పండగకో, చుట్టాలు వచ్చినప్పుడో ఆగిపోతుంది.

అన్నిటికంటే ఎక్కువ ఫలితం కనిపించినది రాత్రి భోజనంలోనే. తొమ్మిది దాటాక తినే ఇల్లు మాది. ఇప్పుడు ఎనిమిది లోపల ముగించి, చేయి కడుక్కోగానే చెప్పులు వేసుకుని నేనూ మా ఆవిడా వీధి చివరి దాకా పావుగంట నడిచి వస్తాం. తిన్న తర్వాత నడిచేటప్పుడు కండరాలు రక్తంలోని గ్లూకోజును వాడుకుంటాయి కాబట్టి, భోజనం వల్ల పెరిగే చక్కెర కొంత అదుపులో ఉంటుంది. ఆ నడకలో డబ్బు లెక్కలు మాట్లాడకూడదని ఒక నియమం పెట్టుకున్నాం. మనసుకు అది చేసిన మేలు తక్కువేమీ కాదు. ఇది నెమ్మదైన నడక కనుక, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించే వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం లెక్కలో దీన్ని వేసుకోను. దానికి ఉదయం కాస్త వేగంగా నడుస్తాను. రోజుకు పది వేల అడుగులు పూర్తి కాలేదని బెంగపడేవారు ఒకటి తెలుసుకోవాలి: ఆ అంకె 1960లలో జపాన్‌లో అమ్మిన ఒక అడుగులు లెక్కించే పరికరం పేరుతో ప్రచారంలోకి వచ్చింది, వైద్యులు తేల్చిన హద్దు కాదు.

వంటనూనె విషయంలో మా ఆవిడ పద్ధతి నాకు బాగా నచ్చింది. ప్యాకెట్ కత్తిరించి డబ్బాలో పోసిన రోజే, మూతకు అతికించిన కాగితం మీద తేదీ రాస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రెండు వేల కేలరీల రోజువారీ ఆహారానికి సూచించిన నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు. అంటే నలుగురికి నెలకు సుమారు మూడున్నర లీటర్లు. ఒక తేదీకీ తర్వాతి తేదీకీ మధ్య రోజులు తగ్గుతున్నాయంటే ఆ వారం వేపుళ్లు ఎక్కువయ్యాయని ఇంట్లో అందరికీ తెలిసిపోతుంది, ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు.

ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు ఉండాలంటారు, అంటే దాదాపు ఒక చిన్న చెంచా. మన ఇళ్లలో అది కూరలోనే కాదు, ఊరగాయలోనూ పొడుల్లోనూ అప్పడంలోనూ దాగి ఉంటుంది. ఆవకాయ మానేయమని నేను చెప్పను, చెప్పినా వినేవారు లేరు. జాడీని భోజనాల దగ్గరికి తేకుండా కావలసినంత చిన్న గిన్నెలో తీసుకుంటాం. ఊరగాయ నంజుకునే పూట పెరుగన్నంలో ఉప్పు కలుపుకోం. పరగడుపున తేనె, నిమ్మరసం సంగతి చాలామంది చెబుతారు కానీ తేనె కూడా చక్కెరే కనుక నేను దాని జోలికి పోలేదు.

నిద్ర కోసం చేసినది ఒక్కటే: ఫోన్ ఛార్జర్‌ను పడకగదిలోంచి హాల్లోకి మార్చాం. వెలుతురుతో పాటు, అందులో చదివే వార్తలూ వాదనలూ నిద్రను చెడగొడతాయి. మంచం ఎక్కే ముందు మర్నాటి పనులను చించిన క్యాలెండరు కాగితం వెనక రాసి పెడతాను. అర్ధరాత్రి మెలకువ వచ్చినా కరెంటు బిల్లు గుర్తొచ్చి లేచి కూర్చోవడం తగ్గింది. ఆదివారమైనా అదే వేళకు లేస్తాను.

ఇన్సులిన్ గానీ మధుమేహం మాత్రలు గానీ వాడేవారు భోజన వేళను మార్చే ముందు తమ వైద్యుణ్ణి అడగాలి, ఎందుకంటే మందు మోతాదు ఆ వేళను బట్టి నిర్ణయించి ఉంటుంది. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది కనుక మూత్రపిండాల జబ్బు ఉన్నవారు దాన్ని సొంతంగా మొదలుపెట్టకూడదు. దిగులు వారాల తరబడి వదలకపోతే నడకతో సరిపెట్టుకోకుండా వైద్యుణ్ణి కలవాలి, లేదా ప్రభుత్వం ఉచితంగా నడిపే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేయాలి. అక్కడ తెలుగులోనూ మాట్లాడతారు.