వంతు తప్పితే శివారు చేనుకి నీళ్లు రావు

సందేహం: మేం డల్లాస్ వచ్చి ఏడు నెలలైంది. మా అత్తగారి ఊరు పుల్లేటికుర్రు. బాబుకి రెండేళ్ల నాలుగు నెలలు. ఇంకా సొంతంగా నిలబడడం లేదు, కాళ్లు బిగుసుకుపోతున్నాయి. పిల్లల డాక్టరు న్యూరాలజిస్టుకి, ఎముకల డాక్టరుకి, వారం వారం ఫిజియోథెరపీకి రాసిచ్చారు. వెళ్లిన ప్రతిసారీ కోపే, అంటే ఇన్సూరెన్స్ పోను మా వాటా, 40 డాలర్లు. మావారికి సెలవులు తక్కువ, నాకు డ్రైవింగ్ రాదు. సంక్రాంతికి రెండు నెలలు ఇంటికి వెళ్దామనుకుంటున్నాం. అపాయింట్‌మెంట్లన్నీ తిరిగొచ్చాక పెట్టుకోవచ్చా అంకుల్?

జవాబు:

పెట్టుకోవచ్చమ్మా, ఎవరూ ఆపరు. 2009లో అమెరికాకి కొత్తగా వచ్చినప్పుడు నేనూ అచ్చం ఇలాగే వాయిదాలు వేశాను. అందుకు ఎంత కట్టానో డాలర్లతో సహా నా దగ్గర లెక్కుంది.

పుల్లేటికుర్రు మా పక్క ఊరే కాబట్టి నువ్వు అనే చనువు తీసుకుంటున్నాను. మాది అంబాజీపేట. సెలవుకి వచ్చి మా ఇంటి అరుగు మీద కూర్చుని ఇది రాస్తున్నాను, ఎదురుగా నిన్నటి దింపు కొబ్బరికాయలు రాశి పోసి ఉన్నాయి. మా వాడికి సెరిబ్రల్ పాల్సీ, మెదడులో లోపం వల్ల కండరాలు సరిగ్గా మాట వినవు. ఇప్పుడు పద్దెనిమిదేళ్లు. వాకర్‌తో నడుస్తాడు, నాకంటే మంచి ఇంగ్లీషు మాట్లాడతాడు, నా జోకులకి నవ్వడు. మీ బాబుది ఏమిటన్నది డాక్టర్లు తేల్చాలి. ఆ తేల్చడం ఆలస్యం కాకుండా చూసుకోవడమే నీ పని.

మొదట ఆ 40 డాలర్ల సంగతి. మాకూ అప్పట్లో అంతే ఉండేది. డాలరు 48 రూపాయలు, అంటే 1920. మా తోటలో కాయ నాలుగు రూపాయలకి పోతున్న రోజులవి. డాక్టరు గది బయట కూర్చుని నేను వేసిన లెక్క ఇది: పది నిమిషాలు చూసినందుకు 480 కాయలు! ఒక చెట్టు ఏడాదికి వంద కాయలు ఇస్తుందనుకుంటే ఐదు చెట్ల ఏడాది కాపు, గొలుసు మీద బ్యాడ్జి వేలాడేసుకున్న ఆవిడ చేతిలో పోసి వస్తున్నాను. నువ్వూ ఏదో ఒక లెక్క వేసుకుంటూనే ఉంటావు. మీ తరం రూపాయల్లో ఆలోచించదని అందరూ అంటారు గానీ నేను నమ్మను.

నా పిసినారితనానికి ఓ కారణం ఉంది. 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకి మా తోట పడిపోయింది. తెల్లారి మా నాన్న లుంగీ ఎగగట్టుకుని, పడిన చెట్లని ఒక్కొక్కటే లెక్కపెడుతూ తిరిగాడు. కొత్త మొక్క నాటితే కాపుకి రావడానికి ఆరేడేళ్లు. ఆ ఏళ్లన్నీ మా ఇంట్లో డబ్బు ఎలా గడిచిందో చూసినవాణ్ని. అమెరికాలో జీతం పడిన మొదటి నెల నుంచీ, ఈ జీతం కూడా ఏదో రాత్రి పడిపోతుందనే భయంతోనే బతికాను. హెచ్1 (ఉద్యోగం ఉంటేనే నిలిచే వీసా) మీద ఉన్నవాడికి అది మరీ వట్టి భయమేం కాదనుకో.

అందుకని ఏం చేశాను? వారం వారం ఉండే థెరపీని రెండు వారాలకి ఒకసారి చేశాను, తర్వాత నెలకోసారి. 'ఆవిడ చేయించే కసరత్తే కదా, చూసి నేర్చుకున్నాం, ఇంట్లో చేయిద్దాం' అన్నాను మా ఆవిడతో. కండరాల బిగుతు తగ్గడానికి మా వాడికి బొటాక్స్ ఇంజెక్షన్లు ఇచ్చేవారు. దాని బలం మూడు నెలలు, మహా అయితే మరి కొంచెం. కండరం మెత్తబడిన ఆ మూడు నెలల్లోనే సాగదీసే వ్యాయామం గట్టిగా జరగాలి. నేను ఇంజెక్షన్‌కి డబ్బు కట్టి థెరపీ ఎగ్గొట్టాను. ఎరువు చల్లి నీళ్లు పెట్టని రైతుని మనూళ్లో ఏమంటారో నీకు తెలుసు.

అసలు దెబ్బ తుంటి దగ్గర తగిలింది. కాళ్ల బిగుతు ఎక్కువగా ఉన్న పిల్లల్లో తొడ ఎముక గుండు కీలు గూటిలోంచి మెల్లగా పక్కకి జారుతుంది. మొదట్లో నొప్పి ఉండదు, పిల్లవాడు ఏడవడు, పైకి ఏమీ కనపడదు. ఎక్స్‌రేలోనే తెలుస్తుంది. అందుకే మా వాడికి ఆరు నెలలకోసారి తీయించమన్నారు. నేను మూడుసార్లు తప్పించాను. ఒకసారి ప్రాజెక్టు డెడ్‌లైన్. ఒకసారి ఊరికే, నొప్పి లేదుగా అని. మూడోసారి మా చెల్లెలి పెళ్లికి రెండు నెలలు ఇండియా వచ్చాం, నీలాగే, 'తిరిగొచ్చాక చూద్దాం' అనుకుని.

తిరిగొచ్చి ఫోన్ చేస్తే క్లినిక్ జాబితాలో మా వాడి పేరు లేదు. వరసగా మూడుసార్లు రాకపోతే పేరు తీసేస్తారని మొదటి రోజు సంతకం పెట్టించుకున్న కాగితాల్లో ఉందట. ఎమ్‌టెక్ చదివినవాణ్ని, చదవకుండా సంతకం పెట్టాను. మళ్లీ కొత్త పేషెంటుగా ఐదు నెలల తర్వాతి తేదీ ఇచ్చారు.

ఇది నీకు అర్థమయ్యేలా చెప్పాలంటే దాళ్వా (రెండో పంట వరి) సంగతే చెప్పాలి. ధవళేశ్వరం దగ్గర నీళ్లు తగ్గినప్పుడు కాలువలకి వంతులు వేస్తారు కదా. మన వంతు రోజు తూము దగ్గర మనిషి లేకపోతే నీళ్లు మన కోసం ఆగవు, మళ్లీ వంతు వచ్చేదాకా చేను నెర్రెలు తీయాల్సిందే. అమెరికాలో పిల్లల స్పెషలిస్టుల వ్యవహారమూ అంతే. అందులోనూ కొత్తగా వచ్చిన మనం శివారు రైతులం, తూము పక్కవాడికున్న ధీమా మనకి ఉండదు. మరీ వెళ్లలేకపోతే ముందురోజే ఫోన్ చేసి తేదీ మార్పించుకో. చెప్పకుండా మానేయడమే నేరం, దానికి విడిగా ఫీజు కూడా గుంజుతారు. ఇంకో చిట్కా: ఎవరైనా రద్దు చేసుకుంటే పిలవమని చెప్పి ఆ జాబితాలో పేరు రాయించుకో, పొద్దున్నే ఎనిమిదింటికి నువ్వే ఫోన్ చేస్తూ ఉండు. నాకు ఐదు నెలల తేదీ పదకొండో రోజుకి దిగింది అలాగే. విసుక్కుంటారు. విసుక్కోనీ.

ఆ ఎక్స్‌రేలో గుండు సగం దాకా గూటి బయట ఉంది. ముందే చూసి ఉంటే కండరం సడలించే చిన్న ఆపరేషన్‌తో పోయేదేమో అన్నాడు సర్జను. అప్పటికి ఆ అవకాశం దాటిపోయింది. తొడ ఎముక కోసి, తిప్పి, ప్లేటు వేశారు. నడుము నుంచి పాదాల దాకా ఆరు వారాలు కట్టు. ఆ ఏడాది మా పాలసీలో మన జేబులోంచి కట్టాల్సిన గరిష్ఠ పరిమితి 6,000 డాలర్లు, మొత్తం కట్టాను. మూడు ఎక్స్‌రేలు ఎగ్గొట్టి నేను మిగిల్చింది 120 డాలర్లు.

ఇది చదివి మా ఆవిడ, 'ఆరు వారాలు వాడు రాత్రుళ్లు ఏడ్చిన సంగతి ఎక్కడా రాయలేదేంటండీ' అంది. రాశాను.

రూల్స్ గురించి ఎక్కువ చెప్పను, అవన్నీ నెట్‌లో చూసుకోవచ్చు. ఒక్కటి మాత్రం ఈ రోజే చెయ్యి. మూడేళ్లలోపు పిల్లలకి ప్రభుత్వం తరఫున ఎర్లీ ఇంటర్వెన్షన్ ఉంటుంది, టెక్సాస్‌లో దాన్ని ఈసీఐ అంటారు. డాక్టరు చీటీ అక్కర్లేదు, తల్లి ఫోన్ చేస్తే చాలు. పరీక్షకి డబ్బు తీసుకోరు. 45 రోజుల్లో పిల్లవాణ్ని చూసి ప్రణాళిక రాయాలి. తర్వాత సేవలకి ఆదాయాన్ని బట్టి కొంత అడగొచ్చు. మూడు నిండిన రోజున అది ఆగిపోయి స్కూలు డిస్ట్రిక్టు చేతికి వెళ్తుంది. నేను సర్కారు సాయం అనగానే గ్రీన్‌కార్డుకి అడ్డమొస్తుందని భయపడి చేయలేదు. దానికీ వీసాకీ సంబంధం లేదని తెలిసేసరికి వాడికి మూడు దాటాయి. నీకింకా ఎనిమిది నెలలున్నాయి, అందులో రెండు సంక్రాంతికి ఇచ్చేద్దామనుకుంటున్నావు.

దుబాసీని అడగడానికి మొహమాటపడకు. ఆసుపత్రి వాళ్లు ఫోన్లోనో వీడియోలోనో తెలుగు మనిషిని పెడతారు, మనం పైసా కట్టక్కర్లేదు. నాకెందుకు, ఇంగ్లీషు వచ్చు కదా అనుకున్నాను. మొదటిసారి డాక్టరు 'టోన్ ఎక్కువగా ఉంది' అంటే తలూపి ఇంటికొచ్చి, వీడి గొంతు పెద్దదిట అని చెప్పాను. 'మాటే రానివాడికి గొంతేంటండీ' అంది మా ఆవిడ. కండరాల బిగుతుని టోన్ అంటారని రెండు నెలల తర్వాత థెరపిస్టు చెబితే తెలిసింది. ఇప్పుడు కొత్తవాళ్లు 'మాకు ఇంగ్లీషు వచ్చండీ' అంటే నాకు నవ్వొస్తుంది.

ఇక డబ్బు. మీ పాలసీలో డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ వాళ్లు ఇవ్వడం మొదలెట్టేముందు మనం కట్టాల్సింది) ఎంత, గరిష్ఠ పరిమితి ఎంత, థెరపీ ఏడాదికి ఎన్నిసార్లు ఒప్పుకుంటారు, ఏ క్లినిక్‌లు నెట్‌వర్క్‌లో (ఇన్సూరెన్స్ వాళ్ల ఒప్పందంలో) ఉన్నాయి అన్నవి ఒక పుస్తకంలో రాసుకో. నా పుస్తకం మా నాన్న దింపు చిట్టాలాగే ఉంటుంది: తేదీ, డాక్టరు, కట్టింది, ఫోన్లో మాట్లాడిన మనిషి పేరు. చాలా పాలసీల్లో లెక్క జనవరి 1న మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఏడాది మధ్యలో డిడక్టిబుల్ తీరిపోతే, డాక్టరు రాసిన ఎమ్ఆర్ఐలు, కాళ్ల బ్రేసులు డిసెంబరులోపే చేయించుకో, జనవరికి నెట్టకు. నేనొకసారి జనవరి 4న బ్రేసులు తీసుకున్నాను. డిసెంబరులోనే తీసుకుంటే 900 డాలర్లు మిగిలేవి, ఇప్పటికీ గుర్తొస్తే కడుపు మండుతుంది. పిల్లవాడు ఎదుగుతుంటే బ్రేసులు ఏడాదికే చాలవు, కాబట్టి ఈ ఖర్చు ఏటా ఉండేదే.

మీవారి ఆఫీసులో ఎఫ్ఎస్ఏ (వైద్యం ఖర్చులకి జీతంలోంచి ముందే పక్కన పెట్టే ఖాతా) ఉంటే ఎంచుకోమను, కోపేలు పన్ను పడని డబ్బుతో కట్టొచ్చు. ఏడాదిలోపు వాడకపోతే చాలా వరకు పోతుంది, అందుకని అంచనా వేసి పెట్టుకోవాలి. పెద్ద బిల్లు వస్తే వెంటనే కట్టేయకు, ఏది ఎంతో విడివిడిగా రాసిన బిల్లు అడుగు. లాభాపేక్ష లేని ఆసుపత్రులకి తక్కువ ఆదాయం వాళ్లకి సాయం చేసే పాలసీ చట్టప్రకారం ఉండి తీరాలి. అడగడం సిగ్గుచేటు అనుకుని నేను రెండేళ్లు అడగలేదు. నీకు డల్లాస్‌లోనే స్కాటిష్ రైట్ పిల్లల ఆసుపత్రి ఉంది, 1921లో పోలియో పిల్లల కోసం మొదలైంది, ఎముకల వైద్యంలో పేరున్నది. కుటుంబం ఎంత కట్టగలదన్నదాన్ని బట్టి కాకుండా పిల్లల్ని చూస్తారు. రిఫరల్ రాయమని మీ డాక్టర్ని అడుగు.

మీవారు కన్సల్టింగ్‌లో ఉంటే కంపెనీ మారే ముందు ఒక్కసారి ఆగమను. ఇన్సూరెన్స్ మారితే ముందస్తు అనుమతులన్నీ మళ్లీ మొదటికి వస్తాయి, డాక్టరు నెట్‌వర్క్‌లో లేకుండా పోవచ్చు. జీతం 5,000 పెరిగిందని సంబరపడి మారినవాళ్లు ఆ 5,000 థెరపీకే పోస్తున్నారు, నా కళ్లతో చూశాను.

సెలవుల సంగతి: పెద్ద కంపెనీలో ఏడాది పూర్తయితే ఎఫ్ఎమ్ఎల్ఏ అనే సెలవుల చట్టం కింద 12 వారాల జీతం లేని సెలవు ఉంటుంది, పిల్లవాడి అపాయింట్‌మెంట్లకి దాన్ని గంటల చొప్పున కూడా వాడుకోవచ్చు. మీవారికి ఏడాది నిండలేదు కాబట్టి ప్రస్తుతానికి దాన్ని మర్చిపో. దానికంటే నువ్వు డ్రైవింగ్ నేర్చుకో. మా ఆవిడ మాచవరంలో సైకిల్ కూడా తొక్కని మనిషి. మొదటి రెండేళ్లు ప్రతి అపాయింట్‌మెంటుకీ నేను సగం రోజు సెలవు పెట్టేవాణ్ని. లైసెన్సు వచ్చాక ఆవిడ వాణ్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని హైవే మీద వెళ్లిపోయేది. డ్రైవింగ్ స్కూలు ఫీజు 350 డాలర్లకి అప్పుడు ఎంత గొణిగానో ఇప్పటికీ గుర్తుచేస్తుంది.

ఊరికి రావద్దని అనడం లేదు. తాతగారికి మనవణ్ని చూపించాలి, అయినవిల్లిలో మొక్కుంటే తీర్చాలి. అపాయింట్‌మెంట్ తేదీలు ముందు తీసుకుని, వాటి మధ్య టికెట్లు కొను. రెండు నెలలు కాదు, మూడు వారాలు. వాడే మందులు ఉంటే తిరిగొచ్చేదాకా సరిపడా కావాలని ముందే ఇన్సూరెన్స్‌ని అడుగు. మందుల పేర్లు, డోసులతో డాక్టరు ఉత్తరం తెచ్చుకో. ఇక్కడి ఉక్కకి బ్రేసుల కింద చర్మం ఒరుసుకుపోతుంది, నూలు సాక్సులు ఆరు జతలైనా పెట్టుకో. 'ఆ కాళ్లకి నూనె మర్దనా చేయిస్తే సరి' అనేవాళ్లు వీధికి నలుగురుంటారు. మర్దనా చేయించుకో, పిల్లవాడికి హాయిగానే ఉంటుంది. ఎక్స్‌రే తేదీ మాత్రం మార్చకు.

ఇక్కడికి బయల్దేరే ముందు వారం మా వాణ్ని తుంటి చూపించడానికి తీసుకెళ్లాను. కోపే ఇప్పుడు 60 అయింది. అలవాటు కొద్దీ బయట కూర్చుని లెక్క వేశాను. డాలరు 85, మా తమ్ముడు చెప్పిన ధర కాయ 20 రూపాయలు. 255 కాయలు వచ్చాయి. 2009తో పోలిస్తే కొంచెం ఎక్కువ సగం. మా ఆవిడకి చెబితే, వాడికి చెప్పింది. మొదటిసారి నవ్వాడు.