ఎయిర్‌సాఫ్ట్ తుపాకీతో ఇంట్లో పిస్టల్ సాధన: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నేను మిర్యాలగూడలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. చెరువుగట్టు జాతరలో బుగ్గలు కొట్టే దుకాణం దగ్గర మొదలైన సరదా నిరుటి నుంచి 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ మీదికి మళ్లింది. నెలకు రెండు ఆదివారాలు హైదరాబాద్ వెళ్లి క్లబ్బు పిస్టల్‌తో కాలుస్తున్నాను. సొంత పిస్టల్ కొనే స్తోమత ప్రస్తుతం లేదు. మిగతా రోజుల్లో ఇంటి వసారాలో సాధనకు ప్లాస్టిక్ గుండ్లు పేల్చే ఎయిర్‌సాఫ్ట్ పిస్టల్ కొనాలనుకుంటున్నాను. లక్ష్యాన్ని 5 మీటర్ల దూరంలో పెట్టుకునే వీలుంది. దీనివల్ల పోటీలో స్కోరు పెరుగుతుందా?

జవాబు: సాధన దేనిమీద పెడతారన్నదాన్నిబట్టి ఉంటుంది. ఎయిర్‌సాఫ్ట్ పిస్టల్‌తో చేయి నిలకడ, ట్రిగ్గర్ మీద వేలి ఒత్తిడి కొంతవరకు సాధించుకోవచ్చు. గుండు పడిన చోటును మాత్రం లెక్కలోకి తీసుకోకూడదు. కారణం తుపాకీ నిర్మాణంలోనే ఉంది. పోటీ పిస్టల్ గొట్టం లోపల మెలితిరిగిన గాడులు ఉంటాయి. ఇంచుమించు అర గ్రాము బరువుండే మెత్తని సీసపు పెల్లెట్ ఆ గాడుల్లో ఒరుసుకొని, గిరగిర తిరుగుతూ బయటికి వస్తుంది కనుక ప్రతిసారీ ఒకే దారి పడుతుంది. ఎయిర్‌సాఫ్ట్ గొట్టం లోపల నున్నగా ఉంటుంది. గుండు వ్యాసం 5.95 మిల్లీమీటర్లు, గొట్టం లోపలి వ్యాసం సాధారణంగా 6.03 నుంచి 6.08 మిల్లీమీటర్లు, ఆ సందులో 0.20 గ్రాముల గుండు ఒక్కోసారి ఒక్కో పక్కకు తగులుతూ వస్తుంది. పైగా గుండును వెనక్కి తిప్పి గాలిలో నిలబెట్టే హాప్-అప్ రబ్బరు ముక్క కాస్త అరిగినా, దానికి నూనె అంటినా గుండు దారి మారిపోతుంది. మీరు తప్పు చేయకపోయినా గుండు పక్కకు పోతుంది, తప్పు చేసినా ఒక్కోసారి నడిమధ్యన పడుతుంది. ఇలాంటి తుపాకీ చెప్పే స్కోరును నమ్ముకుంటే చేతిలో లేని దోషాన్ని సరిదిద్దుకుంటూ, ఉన్న దోషాన్ని మరిచిపోతారు.

దూరం లెక్క కూడా చూడండి. 10 మీటర్ల పోటీలో పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, నల్లని వృత్తం 59.5 మిల్లీమీటర్లు. మీరు 5 మీటర్ల నుంచి చూస్తారు కాబట్టి అన్నీ సగానికి తగ్గించి కాగితం మీద గీసుకోవాలి. అప్పుడు నల్లని వృత్తం 30 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ, పది వలయం 5.75 మిల్లీమీటర్లు అవుతాయి. అంటే పది వలయం కన్నా మీ గుండే పెద్దది! ఇక ఆ కాగితం మీద పాయింట్లు లెక్కించడంలో అర్థమేముంది? ఎత్తు విషయంలో చాలామంది పొరపడతారు. పోటీలో లక్ష్యం మధ్యబిందువు నేలకు 1.40 మీటర్ల ఎత్తున ఉంటుంది. మీ కంటి ఎత్తు 1.50 మీటర్లు అనుకుంటే 5 మీటర్ల దూరంలో కాగితాన్ని 1.45 దగ్గర అంటించాలి. లేకపోతే భుజం రోజూ ఒక కోణానికి, పోటీ రోజున మరో కోణానికి పని చేయవలసి వస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పోటీ పిస్టల్‌లో గురి చూడడానికి పైన రెండు సైట్లు ఉంటాయి; ముందు సైటుకు, వెనుక సైటుకు మధ్య దూరం సుమారు 30 సెంటీమీటర్లు. రెండు సైట్ల పొందికలో ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా 10 మీటర్ల దగ్గర అది 33 మిల్లీమీటర్లు అవుతుంది, పది పాయింట్లు కావలసిన గుండు ఆరుకో ఏడుకో జారుతుంది. అదే సైట్లు పొందికగా ఉండి, చేయి మొత్తం ఒక మిల్లీమీటరు పక్కకు ఊగితే కాగితం మీద కూడా తేడా ఒక మిల్లీమీటరే. అందుకే చేయి కొద్దిగా ఊగుతోందని భయపడి, నల్లని వృత్తం నడుమకు రాగానే ట్రిగ్గర్‌ను చటుక్కున లాగేవారు నష్టపోతారు. ఆ చటుక్కుమనే లాగుడు మణికట్టును తిప్పి సైట్ల పొందికను చెడగొడుతుంది. ఇంట్లో పోగొట్టుకోవలసిన అలవాటు ఇదొక్కటే. దీనికి గుండు అక్కరలేదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ క్వాలిఫికేషన్‌లో 600కు 580 సాధించి మూడో స్థానంలో నిలిచారు, అరవై గుండ్లలో ఆమె వదులుకున్నది ఇరవై పాయింట్లే. అంతటి నిలకడ గుండు వేయకుండా చేసే సాధన లేనిదే రాదు.

కాబట్టి ఎయిర్‌సాఫ్ట్ పిస్టల్ కొన్నా సాధనలో ఎక్కువ భాగం గుండ్లు వేయకుండా, తెల్లని గోడకు ఎదురుగా నిలబడి చేయండి. గోడ మీద గురిపెట్టే వస్తువేదీ లేనప్పుడు కన్ను దానంతటదే ముందు సైటు మీద నిలుస్తుంది. ఒంటి చేత్తోనే పట్టుకోండి. రెండు చేతులతో పట్టుకుంటే స్కోరు బాగున్నట్టు అనిపిస్తుంది కానీ 10 మీటర్ల పోటీలో రెండో చేయి వాడడానికి వీల్లేదు. ట్రిగ్గర్ బరువు తెలుసుకోవడానికి ఒక చిట్కా ఉంది. పిస్టల్‌లో గుండ్లు లేవని రెండుసార్లు చూసుకొని, కాక్ చేసి (అంటే పేలడానికి సిద్ధంగా స్ప్రింగు ఎక్కించి), గొట్టం పైకి ఉండేలా నిలువుగా పట్టుకొని, ట్రిగ్గర్‌కు దారంతో నీళ్లు నిండిన అర లీటరు సీసా వేలాడదీయండి. పోటీలో కనీసం 500 గ్రాములు మోయాలన్న నియమాన్ని అధికారులు ఇంచుమించు ఈ పద్ధతిలోనే పరీక్షిస్తారు. ఎయిర్‌సాఫ్ట్ ట్రిగ్గర్ చాలావరకు ఇంతకన్నా బరువుగా, సాగుతూ ఉంటుంది. పొరుగువారి బండి మీద డ్రైవింగ్ నేర్చుకున్నట్టు దాన్ని భావించండి. క్లబ్బు పిస్టల్ పట్టుకున్న రోజు మొదటి పదిహేను గుండ్లు వేలికి మళ్లీ పరిచయం చేయడానికే పోతాయి.

గుండ్లు వేసి కాల్చాలనిపించిన రోజున గుండ్లు పట్టే ఏర్పాటు ముందు చేసుకోండి. మన షాబాద్ బండల నేల మీద పడిన ప్లాస్టిక్ గుండు ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. పాత గొంగడిని అట్టపెట్టె లోపల వదులుగా వేలాడదీస్తే గుండు వేగమంతా ఉన్నిలో పోయి కిందికి జారిపోతుంది. బిగించి కడితే మాత్రం తిరిగి వస్తుంది. ఒకసారి ఈ తేడా తెలియక మా ఇంట్లో దేవుడి పటం అద్దం పగలగొట్టుకున్నాను. కళ్లద్దాలు మీకే కాదు, ఆ సమయంలో వసారాలో ఉన్న ప్రతివారికీ ఉండాలి.

ప్రశ్న: మా అబ్బాయి కూడా ఇలాంటి పిస్టల్ కావాలంటున్నాడు. ఇది బొమ్మ తుపాకీ అని, లైసెన్సు అక్కరలేదని అమ్మేవారు చెబుతున్నారు. నిజమేనా?
(ఒక తల్లి, నల్లగొండ)

జవాబు: ఆ మాటను అంత తేలిగ్గా తీసుకోవద్దమ్మా. 2016 ఆయుధాల నియమావళి ప్రకారం 20 జౌళ్ల లోపు శక్తి, 4.5 మిల్లీమీటర్ల లోపు గొట్టం వ్యాసం ఉన్న ఎయిర్ తుపాకీకి లైసెన్సు అక్కరలేదు. ఎయిర్‌సాఫ్ట్ శక్తి ఒక జౌల్ పరిసరాల్లోనే ఉన్నా గొట్టం 6 మిల్లీమీటర్లు. పైగా రూపం అసలు పిస్టల్‌కు నకలు, నకలు తుపాకుల సంగతి కూడా ఆ నియమావళిలో ఉంది. కొనక ముందే జిల్లా పోలీసు కార్యాలయంలో అడిగి, వారి సమాధానం రాతపూర్వకంగా తీసుకోండి. ఆ తరువాత కూడా అది ఇంటి గడప దాటకూడదు. మేడ మీద నుంచి గానీ కిటికీ దగ్గర నుంచి గానీ గురిపెడితే వీధిలో వెళ్లేవారికి అది బొమ్మ అని తెలియదు. నా ఉద్దేశంలో మీ అబ్బాయి నిజంగా పోటీలకు వెళ్లదలిస్తే ఆ డబ్బుతో కొన్ని నెలల క్లబ్బు రుసుము కట్టడం మేలు.

ప్రశ్న: నా దగ్గర స్ప్రింగుతో పనిచేసే పాత ఎయిర్ పిస్టల్ ఉంది. ఎయిర్‌సాఫ్ట్ కొనకుండా దాన్నే పెల్లెట్ లేకుండా కాల్చి సాధన చేయవచ్చా?
(ఒక పాఠకుడు, జడ్చర్ల)

జవాబు: చేయకండి. స్ప్రింగు తుపాకీలో పెల్లెట్ ఎదురొత్తితేనే పిస్టన్ ముందుకు దూసుకువచ్చే వేగం తగ్గుతుంది. ఖాళీగా కాలిస్తే పిస్టన్ ముందు గోడకు గుద్దుకొని సీలు పాడవుతుంది. గాలి సిలిండరుతో పనిచేసే పోటీ పిస్టళ్లలో చాలావాటికి ఖాళీ సాధన కోసమే వేరే అమరిక ఉంటుంది. మీ పిస్టల్‌ను స్ప్రింగు ఎక్కించకుండా చేతిలో పట్టుకొని, ముందు సైటు మీద చూపు నిలిపి పది సెకన్ల చొప్పున చేయి చాపడం, దించడం చేయవచ్చు. చేతికి దాని బరువు అలవాటవుతుంది.