రియాక్టివ్ అంటే చాలదు, దేనితోనో కూడా చెప్పు

చిన్నీ,

నిన్న రాత్రి పడుకోబోతూ నీ మెసేజ్ చూశానే. పీరియాడిక్ టేబుల్‌లో గ్రూపులన్నీ బట్టీ పట్టేశా అత్తా, అయినా ప్రశ్న కాస్త తిప్పి అడిగితే తెల్లమొహం వేస్తున్నా అన్నావు. వెయ్యవా మరి! నువ్వు పట్టింది వరసలు. లిథియం, సోడియం, పొటాషియం, రుబీడియం, సీజియం, కిందకి పోయేకొద్దీ రియాక్టివిటీ, అంటే వేరేవాటితో కలిసే చురుకు, పెరుగుతుంది, అటువైపు ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయొడిన్, కిందకి పోయేకొద్దీ తగ్గుతుంది, ఇంతే కదా నీ నోట్సులో ఉన్నది? ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పినదాన్ని, ఈ రెండు లైన్లు ఎన్ని వందల పేపర్లలో దిద్దానో నాకే లెక్కలేదు. అందులో తప్పేం లేదు, ఒక్క మాట తక్కువైంది అంతే. దేనితో?

ఇకనుంచి రియాక్టివ్ అన్న మాట ఎక్కడ కనపడినా పక్కన పెన్సిల్‌తో "దేనితో?" అని రాసుకో. మెగ్నీషియం ముక్క చన్నీళ్లలో పడేస్తే కదలదు మెదలదు, అదే మెగ్నీషియాన్ని వేడి చేసి ఆవిరి పంపిస్తే తెల్లగా భగ్గున మండుతుంది. ఇప్పుడు చెప్పు, మెగ్నీషియం రియాక్టివా కాదా?

సరే మొదటి గ్రూపుకి రా. అన్నిటికీ బయట ఒక్కటే ఎలక్ట్రాన్, దాన్ని పీకడానికి లిథియంకి మోల్‌కి 520 కిలోజౌల్స్ కావాలి, సోడియంకి 496, పొటాషియంకి 419, సీజియంకి 376. అంకెలు కంఠతా పట్టకు తల్లీ, మెట్లు చూడు. లిథియం నుంచి సోడియంకి 24 తగ్గితే, సోడియం నుంచి పొటాషియంకి ఒకేసారి 77 తగ్గింది. నీళ్ల మీద సోడియం పరుగెడుతుంది, పొటాషియం అయితే పడీ పడగానే లేత ఊదారంగు మంటతో అంటుకుంటుంది.

సోడియం డెమో నువ్వు వీడియోలో చూసే ఉంటావు, కానీ దగ్గరనుంచి చూడాలే దాన్ని. కిరసనాయిల్లోంచి పట్టకారుతో తీసి ఫిల్టర్ పేపర్ మీద అద్ది, బ్లేడుతో కోస్తే మెత్తగా తెగుతుంది, తెగినచోట వెండిలా తళతళ మెరుస్తుంది, నువ్వు పిల్లల్ని ఇటు చూడండర్రా అని పిలిచేలోపే మసకబారిపోతుంది. పెసరగింజంత ముక్క నీళ్లమీద వేస్తే కరిగి గుండ్రటి పూసలా అయిపోయి బుస్సుమంటూ అటూ ఇటూ తిరుగుతుంది, నీళ్లలో ముందే రెండు చుక్కలు ఫినాఫ్తలీన్, అదే క్షారం తగిలితే గులాబీరంగుకి మారే సూచిక, వేసి ఉంచితే అది వెళ్లిన దారంతా గులాబీరంగు చార. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో గొప్పకి పోయి కాస్త పెద్ద ముక్క వేశా, అది వెళ్లి గాజు తొట్టి గోడకి అతుక్కుని అక్కడే మండి తొట్టి టప్పున పగిలింది, ముందు బెంచీ పిల్లల్ని వెనక్కి జరిపి ఉంచా కాబట్టి బతికిపోయాం. నువ్వు మాత్రం ఇలాంటివి ల్యాబ్‌లో మేడం ఉంటేనే, కళ్లద్దాలు పెట్టుకునే.

సరే ఆ పూస ఎందుకైందో ఆలోచించావా? సోడియం 98 డిగ్రీలకే కరుగుతుంది, రియాక్షన్‌లో వచ్చే వేడి దానికి చాలు. లిథియం కరగాలంటే 180 కావాలి, అందుకే ముక్క ముక్కలాగే ఉండి నింపాదిగా బుడగలు వదులుతూ కూచుంటుంది. ఇక్కడే మీ బ్యాచ్ అంతా చిక్కుకునేది. ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ టేబుల్ తీస్తే లిథియం మైనస్ 3.04 వోల్టులు, సోడియం మైనస్ 2.71, అంటే నీళ్లలో ఎలక్ట్రాన్ వదలడానికి లిథియమే ముందుండాలి, కళ్లముందు చూస్తే సోడియం గంతులేస్తోంది. టేబుల్ అబద్ధం చెప్పట్లేదే. లిథియం అయాన్, అంటే ఎలక్ట్రాన్ వదిలేశాక మిగిలింది, చిన్నది, నీటి అణువులు దాన్ని గట్టిగా చుట్టుకుంటాయి, అందులో బోలెడు శక్తి బయటికొస్తుంది, ఆ లాభం కూడా కలిపి లెక్కేసింది టేబుల్. చివరికి ఎంత శక్తి మిగులుతుందో అది చెబుతుంది కానీ ఎంత తొందరగా అవుతుందో చెప్పదు. ఈ రెండూ కలిపేసి రాస్తే మార్కులు పోతాయి.

ఇంకో తమాషా, గాలిలో ఉన్న నైట్రోజన్‌తో ఈ నెమ్మదస్తురాలు లిథియమే మామూలు గది వేడిమిలో కలుస్తుంది, సోడియం కలవదు. నీళ్లతో పోటీ పెడితే ఓడిపోయింది, నైట్రోజన్‌తో పెడితే గెలిచింది. అందుకేనే నేను దేనితో దేనితో అని చావగొడుతున్నది.

రెండో గ్రూపు గురించి ఎక్కువ చెప్పను, మొదటి గ్రూపు తీరే, కాకపోతే రెండు ఎలక్ట్రాన్లు వదలాలి కాబట్టి కాస్త బద్ధకం.

హాలోజన్ల దగ్గర, అదే ఫ్లోరిన్, క్లోరిన్ వాళ్ల గ్రూపు దగ్గర మాత్రం ఆగు. ఎలక్ట్రాన్ తీసుకున్నప్పుడు క్లోరిన్‌కి 349 కిలోజౌల్స్ విడుదలవుతాయి, ఫ్లోరిన్‌కి 328 మాత్రమే. అయినా అందర్నీ తోసేసేది ఫ్లోరినే, ఎందుకని? ఎందుకంటే ముందు అణువు విడిపోవాలిగా, ఫ్లోరిన్ జంట 158తో విడిపోతుంది, క్లోరిన్ జంటకి 242 కావాలి. విడిపోవడం తేలిక, ఆ తర్వాత వేరేవాటితో కట్టే బంధాలేమో మహా గట్టివి. ఫ్లోరిన్‌ని విడిగా పట్టుకోవడానికి చాలామంది ప్రయత్నించి దెబ్బతిన్నాక 1886లో మొయిసాన్ అనే ఫ్రెంచి కెమిస్టు సాధించాడు, 1906లో నోబెల్ కూడా వచ్చింది. మిగతా ముగ్గురి వరస కావాలంటే పుస్తకం అక్కర్లేదు, పొటాషియం అయొడైడ్ ద్రావణంలో క్లోరిన్ నీళ్లు పోస్తే గోధుమరంగు తిరుగుతుంది, అయొడిన్‌ని తోసేసింది అన్నమాట. పొటాషియం క్లోరైడ్‌లో అయొడిన్ వేసి సాయంత్రందాకా కూచున్నా ఏమీ కాదు.

ఇక చివరి గ్రూపు, జడవాయువులు. దేనితోనూ కలవవు అని రాశావు నోట్సులో, కొట్టెయ్ అది. 1962లో నీల్ బార్ట్‌లెట్ అనే కెమిస్టు ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ ఆక్సిజన్ అణువు నుంచి కూడా ఎలక్ట్రాన్ లాగేస్తోందని చూశాడు, జడవాయువుల్లో ఒకటైన జినాన్ నుంచి ఎలక్ట్రాన్ లాగడానికీ దాదాపు అంతే శక్తి చాలు కదా అనుకుని రెండూ కలిపాడు, పసుపు నారింజ మధ్య రంగులో ఘనపదార్థం వచ్చేసింది. ఆయన జినాన్ రియాక్టివా కాదా అని కూచోలేదు, దేనితో అని అడిగాడు. ఏమాటకామాట, అది చదివినరోజు నాకు నిద్రపట్టలేదు.

ఆదివారం ఫోన్ చెయ్యి. ఈలోపు ఇది ఆలోచించి పెట్టు. అల్యూమినియం గిన్నెలో రోజూ నీళ్లు మరుగుతున్నా గిన్నెకి ఏమీ కాదు, మరి అదే గిన్నెలో సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం పోస్తే ఏమవుతుంది, ఎందుకు? గూగుల్ చూశావంటే గొంతులోనే తెలిసిపోతుంది నాకు.

మీ అత్త